తూము నుంచి లాకు దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత చెరువులు, కాల్వలు, పడవల లాకులు (పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే గదులు) చూడటానికి ఇంటిల్లిపాదీ కారులో బయల్దేరాలనుకునేవారి ప్రశ్నలను ఈ నెల శీర్షికకు తీసుకున్నాం. జవాబులన్నిటి వెనకా ఒకే సలహా ఉంది: నీళ్లు పోయే దారినే మీరూ పోండి. ఎగువ నుంచి దిగువకు వస్తుంటే ఏ కట్టడం ఎందుకు కట్టారో ఒకరు చెప్పకుండానే అర్థమవుతుంది.

ప్రశ్న: మేం నలుగురం, మా అత్తమ్మతో ఐదుగురం. దసరా సెలవుల్ల ఐదు రోజులు కారులో తిరగాలనుకుంటున్నం. పిల్లలకు పడవల లాకులు చూపించాలె. రామప్పతో మొదలుపెట్టి ధవళేశ్వరం దాకా పోయి రావచ్చా? దారి ఎట్ల పెట్టుకోవాలె? – ఒక పాఠకురాలు, హనుమకొండ

పోయి రావచ్చు. అటూఇటూ కలిపి సుమారు 900 కిలోమీటర్లు అవుతుంది.

మొదటి రోజు ములుగు మీదుగా పాలంపేట, దాదాపు 70 కిలోమీటర్లు. రామప్ప గుడి చూసి చాలామంది అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. గుడికి కిలోమీటరు దూరంలో ఉన్న చెరువు కట్ట ఎక్కకుండా రావద్దు. గుడి శాసనం 1213 నాటిది, వేయించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి నిలబెట్టడం కాకతీయుల పద్ధతి. ఆ మూడింట్లో ఇవాళ్టికీ పొలాలకు నీళ్లిస్తున్నది చెరువే. కట్ట మీద నిలబడి ఒకవైపు నీళ్లు, రెండోవైపు పచ్చటి ఆయకట్టు చూపిస్తే పిల్లలకు సగం పాఠం అయిపోతుంది. పొద్దుంటే లక్నవరం పోయి రాత్రికి అక్కడే ఉండండి. దసరాకు గదులు దొరకవు, నెల ముందే రాయించుకోవాలి.

రెండో రోజు ఏటూరునాగారం దాటి ముళ్లకట్ట వంతెన మీదుగా గోదావరి ఎడమ గట్టుకు చేరండి. వాజేడు మండలంలో బొగత జలపాతం తగులుతుంది. ఆ తర్వాత వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, చివరికి భద్రాచలం. దుమ్ముగూడెంలో ఆగాల్సిన కారణం కింద మరో జవాబులో ఉంది. పెట్రోలు ఏటూరునాగారంలోనే నింపించుకోండి. వెంకటాపురం, చర్ల మధ్య ఫోను సిగ్నలు నమ్ముకోదగ్గది కాదు, కాబట్టి మ్యాపును ముందే దించుకోండి. పొద్దుగూకేలోపు భద్రాచలం చేరేలా బయల్దేరండి. గట్టి వాన పడితే ఆ దారిలో వాగులు రోడ్డు మీదికి వస్తాయి. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారు టైర్లు పట్టు తప్పుతాయి, రెండడుగులుంటే పెద్ద బండి కూడా కొట్టుకుపోతుంది. అటువంటప్పుడు వెనక్కి వచ్చి కుడి గట్టున మంగపేట, మణుగూరు మీదుగా భద్రాచలం పోండి.

మూడో రోజు అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొవ్వూరు మీదుగా రాజమండ్రి. దారిలో ఆగుతూ పోతే ఐదారు గంటలు. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు, సాయంత్రం గోదావరి గట్టున కూర్చోండి.

నాలుగో రోజు పొద్దున్నే ధవళేశ్వరం. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే 160 కిలోమీటర్లలో విజయవాడ వస్తుంది. ఐదో రోజు ప్రకాశం బ్యారేజీ, సీతానగరం లాకు చూసుకుని ఖమ్మం, మరిపెడ, తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా ఇంటికి రండి. సుమారు 235 కిలోమీటర్లు.

ఈ వరస తిప్పేసి ముందు ధవళేశ్వరం పోవద్దు. పెద్ద బ్యారేజీ చూసి వచ్చిన పిల్లలకు రామప్ప చెరువు తూము (పొలానికి నీళ్లు వదిలే ద్వారం) దగ్గర నిలబడే ఓపిక ఉండదు. తూము పని తెలిస్తే లాకు సగం తెలిసినట్టే, అందుకే తూము ముందు.

ప్రశ్న: పాకాల మాకు దగ్గర. తూము, మత్తడి, లాకు – ఈ మూడింటికి తేడా ఏంది? కాకతీయుల చెరువులకు లాకులు ఉన్నయా? – నర్సంపేట

కాకతీయుల చెరువులకు లాకులు లేవు, అవసరమూ లేదు. తూము పొలానికి నీళ్లు వదిలే ద్వారం. మత్తడి ఎక్కువైన నీళ్లు బయటికి దుంకే చోటు. లాకు పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించే, దించే గది.

పాత తూము కట్టిన తీరు చూడండి. కట్టకు లోపలివైపు, నీళ్లలో, రెండు రాతి స్తంభాలు నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు. పలకలకు రంధ్రం, ఆ రంధ్రంలోంచి కిందికి దిగే పొడవాటి కడ్డీ, కడ్డీ చివర బిరడా. బిరడా కింద రాతి తొట్టి, తొట్టి నుంచి కట్ట అడుగుగా అవతలికి పోయే రాతి సొరంగం. నీరటి (చెరువు నీళ్లు వదిలే మనిషి) కడ్డీ పైకి లాగితే బిరడా లేస్తుంది, నీళ్లు తొట్టిలో పడి, అక్కడ ఉరవడి తగ్గి, సొరంగంలోంచి కాల్వలోకి పోతాయి. తొట్టి లేకుండా నీళ్లు నేరుగా సొరంగంలోకి దూసుకుపోతే రాళ్ల సందుల్లో సున్నం కొట్టుకుపోతుంది. ఇప్పుడు చాలా చెరువులకు స్క్రూ తిప్పే ఇనుప షట్టర్లు పెట్టారు. అయినా పాత స్తంభాలు కొన్నిచోట్ల పక్కనే నిలబడి ఉంటాయి, వెతకండి.

నీటి లోతు తగ్గేకొద్దీ తూము వదిలే నీళ్లూ తగ్గుతాయి, కానీ అదే లెక్కన కాదు. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న రంధ్రం మీద నాలుగు మీటర్ల నీళ్లుంటే సెకనుకు దాదాపు 6 ఘనపుటడుగులు, అంటే 6 క్యూసెక్కులు వస్తాయి. లోతు ఒక్క మీటరుకు పడిపోతే 3 క్యూసెక్కులు వస్తాయి. లోతు నాలుగో వంతుకు దిగితే పారకం సగమే అయిందన్నమాట. యాసంగి చివర్లో నీరటి రెండో బిరడా ఎందుకు తీస్తాడో ఈ లెక్క చెప్తుంది.

పాకాల కూడా 13వ శతాబ్దం మొదట్లో గణపతిదేవుడి కాలంలో కట్టిందే, కట్టించినవాడు జగదాళ ముమ్మడి. అక్కడికి పోయినప్పుడు కట్ట ఎత్తుకూ మత్తడి ఎత్తుకూ ఉన్న తేడా చూడండి. మత్తడి ఎప్పుడూ కట్ట కన్నా బాగా కిందికి ఉంటుంది. ఆ తేడాయే చెరువు ప్రాణం. ఇంకొన్ని నీళ్లు ఆగుతాయని మత్తడి మీద ఇసుక బస్తాలు పేరిస్తే, రాత్రికి రాత్రి వరద వచ్చినప్పుడు నీళ్లు మత్తడి నుంచి కాక కట్ట మీదుగా పోతాయి. మట్టికట్ట ఆ పారకం తట్టుకోలేదు, కొన్ని గంటల్లో గండి పడుతుంది.

రెండో ప్రమాదం తూము సొరంగం పక్కనుంచి వస్తుంది. రాళ్ల సందులు వదులైతే నీళ్లు సొరంగం బయట మట్టిలోంచి దారి చేసుకుంటాయి, బుంగ పడుతుంది. కట్ట అవతలి అడుగున తేటనీళ్లు ఊరుతుంటే అది మామూలు ఊట కావచ్చు. నీళ్లు మురికిగా, మట్టిరంగులో వస్తుంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు. మీరు చూడటానికి పోయినవాళ్లే అయినా సరే, అది కనబడితే వెంటనే ఊళ్లో చెప్పండి.

ప్రశ్న: లాకు ఎట్ల పనిచేస్తదో ఆరో తరగతి పిల్లలకు చెప్పాలె. తలుపులు నిటారుగా కాకుండ మూలగా ఎందుకు మూస్తరు? – ఒక ఉపాధ్యాయుడు, జగిత్యాల

ముందు లాకు అవసరం ఎక్కడొచ్చిందో చెప్పండి. గోదావరి డెల్టా నేల సముద్రం వైపు మైలుకు సుమారు అడుగు చొప్పున వాలుతుంది. కాల్వను అదే వాలుతో తవ్వితే నీళ్ల వడికి అడుగు కోసుకుపోతుంది, ఎదురు పడవ లాగడమూ కష్టం. అందుకని కాల్వకు తక్కువ వాలు ఇచ్చి, మిగిలిపోయిన ఎత్తును ఒక్కచోట మెట్టుగా దించుతారు. నీళ్లు ఆ మెట్టు మీంచి దుంకుతాయి. పడవ దుంకలేదు కాబట్టి పక్కన లాకు కడతారు.

లాకు అంటే రెండు పక్కలా రాతి గోడలు, ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. దిగువ నుంచి ఎగువకు పోయే పడవ సంగతి చూద్దాం. దిగువ తలుపులు తీస్తారు, పడవ గదిలోకి వస్తుంది, తలుపులు మూస్తారు. ఎగువ తలుపుల్లోని చిన్న షట్టర్లు మెల్లగా లేపుతారు. గది నిండుతుంది, పడవ దానంతటదే పైకి తేలుతుంది. లోపలి మట్టం, ఎగువ మట్టం సమానమైనప్పుడే ఎగువ తలుపులు కదులుతాయి. పడవ వెళ్లిపోతుంది. ఎక్కడా యంత్రం లేదు, పడవను ఎత్తేది నీళ్లే.

లెక్క కూడా చేయించండి. గది 45 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మట్టాల తేడా 2 మీటర్లు అనుకోండి. ఒకసారి నింపడానికి 540 ఘనపు మీటర్లు, అంటే 5,40,000 లీటర్లు. షట్టర్ల తెరుపు మొత్తం ఒక చదరపు మీటరు ఉంటే సుమారు ఐదు నిమిషాల్లో నిండుతుంది. మొదట జోరుగా, చివరికి చాలా నెమ్మదిగా. తూము దగ్గర చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

తలుపుల మూల సంగతి. రెండు రెక్కలూ మూసినప్పుడు వాటి కొన ఎగువవైపు చూస్తుంటుంది, రెండు అరచేతుల వేళ్లు ఆనించి గోపురంలా పట్టినట్టు. ఎగువ నీళ్లు నెట్టేకొద్దీ రెక్కలు ఒకదానికొకటి ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. 3 మీటర్ల వెడల్పున్న రెక్కకు ఒకపక్క 2 మీటర్ల నీళ్లు, రెండోపక్క పొడి ఉంటే దాని మీద దాదాపు 6 టన్నుల బరువు పడుతుంది. ఆ బరువునే గొళ్లెంగా వాడుకున్నారు. మట్టాలు సమానం కాకుండా పదిమంది తోసినా తలుపు రాదు, సమానమయ్యాక ఇద్దరు లస్కర్లు (లాకు పనివాళ్లు) చాలు.

తప్పు జరిగే చోట్లు కూడా పిల్లలకు చెప్పండి, వాళ్లకు అవే బాగా గుర్తుంటాయి. షట్టరు ఒక్కసారిగా పూర్తిగా లేపితే నీళ్లు ఎగదన్ని పడవను వెనక తలుపుకేసి కొడతాయి. గది ఖాళీ చేసేటప్పుడు పడవ తోక ఎగువ గడప మీద ఆగితే ముక్కు కిందికి పోయి నీళ్లెక్కుతాయి. తాడు బిగించి కట్టేస్తే మట్టం దిగుతుంటే పడవ గోడకు వేలాడుతుంది. అందుకే తాడును గుంజకు ఒక చుట్టు చుట్టి చేత్తో పట్టుకుని వదులుతూ పోతారు. గడప మీద ఒక మొద్దు అడ్డం పడితే తలుపులు చివరి జానెడు మూసుకోవు, ఆ సందులోంచి నీళ్లు పోతూ గది ఎప్పటికీ నిండదు.

తరగతిలో చూపించడానికి పొడవాటి ప్లాస్టిక్ ట్రే, రెండు అట్టముక్కలు, గోధుమపిండి ముద్ద చాలు. ట్రేను మూడు గదులుగా చేసి అంచులకు పిండి అద్దండి. పై గదిలో నాలుగు వేళ్ల నీళ్లు, కింది గదిలో రెండు వేళ్ల నీళ్లు పోయండి. నడిమి గదిలో కాగితం పడవ పెట్టి, అట్టను కొంచెం లేపుతూ నింపండి, ఖాళీ చేయండి. పిండి నానకముందే, పది నిమిషాల్లో ముగించాలి.

ప్రశ్న: మా దిక్కు గోదావరిల ఎన్నడన్న సరుకు పడవలు నడిచినయా? లాకులన్నీ ఆంధ్ర దిక్కే ఎందుకున్నయి? – పెద్దపల్లి

నడపాలని పెద్ద ప్రయత్నమే జరిగింది. దాని గుర్తు దుమ్ముగూడెం.

ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో కట్టారు. డెల్టా కాల్వల్లో పడవలు నడవడం మొదలయ్యాక చూపు ఎగువకు పోయింది. వార్ధా, నాగపూర్ ప్రాంతాల పత్తిని గోదావరి మీదుగా సముద్రం దాకా తేవాలన్నది ఆలోచన. ఆ దారిలో రాతి గుండ్లతో, వడి నీళ్లతో మూడు పెద్ద అడ్డంకులు ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంద్రావతి కలిసే ఇంచంపల్లి దగ్గర, మూడోది ఇంకా ఎగువన. 1860ల్లో హేగ్ అనే సైనిక ఇంజనీరు చేతికి ఈ పని వచ్చింది. దుమ్ముగూడెం దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట, పక్కన పడవల కాల్వ, లాకులు కట్టించాడు.

మన్నెంలో జ్వరాలు, కూలీల కొరత, ఏడాదిలో కొద్ది నెలలే పడవకు సరిపడా నీళ్లు, ఇవన్నీ పనిని వెనక్కి లాగాయి. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తికి దగ్గరి దారి దొరికాక నది దారికి డబ్బు పెట్టేవారు లేకపోయారు. 1871లో పథకం మొత్తం ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నిలిచింది.

దుమ్ముగూడెం తప్ప మన ఎగువ గోదావరికి లాకులు దక్కకపోవడానికి కారణం నేల తీరు. డెల్టాలో మెత్తటి ఒండ్రు, తక్కువ వాలు, ఏడాదిలో ఎక్కువ కాలం కాల్వ నీళ్లు. ఇక్కడ రాతి అడుగు, ఎక్కువ వాలు, వానాకాలంలో భీకరమైన వరద, ఎండాకాలంలో ఇసుక మేట. నీళ్లు నిలిపే చెరువు ఇక్కడి నేలకు సరిపోయిన జవాబు, నీళ్లు నడిపే కాల్వ అక్కడి నేలకు.

దుమ్ముగూడెం పోయేవారికి ఒక మాట. ఆనకట్టకు కాస్త దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీ పని ప్రాంతం ఉంది. కాపలావారు వద్దన్నచోటికి పోవద్దు. భద్రాచలం నుంచి సుమారు 25 కిలోమీటర్లు, పర్ణశాల కూడా ఆ మండలంలోనే ఉంది, ఇంట్లో పెద్దలకు ఆ దర్శనమూ అయిపోతుంది.

ప్రశ్న: ధవళేశ్వరంల ఏమేం చూడాలె? ఒక్క పూట సరిపోతదా? – హుజూరాబాద్

ఒక పూటలో చూడొచ్చు, వరస తెలిస్తే. గోదావరి ఇక్కడ లంకల మధ్య పాయలుగా చీలుతుంది కాబట్టి ఆనకట్ట ఒకే గోడ కాదు, నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. పాత ఆనకట్ట బదులు ఇప్పుడున్న బ్యారేజీ 1970లో మొదలై 1982లో పూర్తయింది. మూడు డెల్టాలకు మూడు చోట్ల కాల్వలు మొదలవుతాయి. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర.

ప్రతి కాల్వ తల (కాల్వ మొదలయ్యే చోటు) దగ్గరా మూడు కట్టడాలు పక్కపక్కనే వెతకండి: కాల్వకు నీళ్లు వదిలే హెడ్ స్లూయిస్, ఒండ్రును నదిలోకి తోసేసే స్కవరింగ్ స్లూయిస్, పడవల లాకు. ఒండ్రు తోసే ద్వారం ఎందుకంటే, అది లేకపోతే నది ఒండ్రు నేరుగా కాల్వ నోట్లో చేరి రెండు మూడేళ్లలో కాల్వ మెరకవుతుంది. ఈ మూడూ గుర్తుపట్టగలిగితే ఏ పాత ఆనకట్ట దగ్గరికి పోయినా మీకు దారి తెలుస్తుంది.

పొద్దున్నే ధవళేశ్వరం వైపు తల, లాకు చూసి, కాటన్ మ్యూజియంలో గంట గడిపి, బ్యారేజీ రోడ్డు మీదుగా బొబ్బర్లంక, అక్కణ్నుంచి విజ్జేశ్వరం. అటు నుంచి అటే విజయవాడ దారి పట్టవచ్చు. మ్యూజియంలో ఆనకట్ట నమూనా ముందు చూస్తే బయట కనబడేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంకో రోజు దొరికితే కోనసీమలో పి.గన్నవరం పోండి. వైనతేయ పాయ మీదుగా కాల్వను దాటించడానికి 1850ల్లో కట్టిన 49 కమానుల అక్విడక్టు అక్కడుంది. కింద నది, పైన కాల్వ. అది కట్టించిందీ హేగే. నీళ్లు ఇప్పుడు పక్కనే 2000లో వచ్చిన డొక్కా సీతమ్మ అక్విడక్టు మీదుగా పోతున్నాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన చూసే అవకాశం అరుదు. లాకుల కన్నా పిల్లలు దీన్నే ఎక్కువ ఇష్టపడతారని మా నమ్మకం.

ప్రశ్న: ఏ కాలంల పోతే మంచిది? – మహబూబాబాద్

మీరు చూడదలుచుకున్నది పనా, కట్టడమా అన్నదాన్ని బట్టి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చెరువులు నిండుంటాయి, మత్తడి దుంకుతుంటుంది. నీళ్లు పనిచేయడం చూడాలంటే అదే కాలం. కానీ అప్పుడు లాకు గడప, గోడల అడుగు, తూము తొట్టి, ఏవీ కనబడవు. డెల్టా కాల్వలను ఏప్రిల్ నడుమ నుంచి మే చివరిదాకా మరమ్మతులకు కట్టేస్తారు. లాకు గది పొడిగా, తలుపుల కింది దూలాలతో సహా కనిపించేది అప్పుడే. ఎండ భరించగలిగినవారికి, పొద్దున తొమ్మిదిలోపు చూసి వచ్చేవారికి అది మంచి కాలం. చిన్నపిల్లలతో, పెద్దలతో అయితే సంక్రాంతి సెలవులు నయం. చలి, యాసంగి నీళ్లు, దారులు పొడిగా ఉంటాయి.

సమ్మక్క సారలమ్మ జాతర ఏడాదిలో ఆ వారం ములుగు రోడ్డు ఎంచుకోవద్దు. మీ జిల్లాలోనే బయ్యారం చెరువు ఉంది. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన ఈ చెరువు శాసనం కాకతీయుల వంశక్రమం చెప్పే ముఖ్యమైన ఆధారం. ప్రయాణం అక్కణ్నుంచే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: కాకతీయ కాల్వ గట్టు మీద పిల్లలను దింపాలంటె భయమైతది. ఏం జాగ్రత్తలు? – కరీంనగర్

భయం న్యాయమైనదే. చెరువు కన్నా సిమెంటు లైనింగ్ వేసిన కాల్వ ప్రమాదం. ఏటవాలు సిమెంటు మీద పాకురు పట్టి ఉంటుంది, పడినవాళ్లు ఈత వచ్చినా ఎక్కి రాలేరు. కాలు కడుక్కోవడానికి దిగినవాళ్లే ఎక్కువగా జారతారు. దిగాలంటే మెట్లున్నచోటే, అదీ పెద్దవాళ్లే.

డిక్కీలో 20 మీటర్ల నైలాన్ తాడు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను ఉంచండి. క్యాను పిడికి తాడు కట్టి విసిరితే అది తేలుతుంది, మనిషి పట్టుకోగలడు. వెనకాల దూకొద్దు. కాల్వ సెకనుకు మీటరు పారుతుంటే పడిన మనిషి నిమిషానికి 60 మీటర్లు పోతాడు. పడినచోట నిలబడి అరవకుండా గట్టు వెంట దిగువకు పరుగెత్తి, మనిషికి ముందు చేరి తాడు వేయాలి. బండి దిగగానే దిగువన దగ్గరి వంతెన ఎక్కడో, మెట్లెక్కడో చూసుకోవడం అందుకే.

ప్రశ్న: గట్టు మీదికి కారు తీసుకపోవచ్చా? – పరకాల

తనిఖీ రోడ్డు గట్టిగా, ఎండి ఉంటే, కాపలావారు ఒప్పుకుంటే పోవచ్చు. నల్లరేగడి గట్టు అయితే వాన పడిన రెండు రోజుల దాకా వద్దు. తిప్పుకునే చోటు ముందే చూసుకోండి, లేకపోతే కిలోమీటరు వెనక్కి నడపాల్సి వస్తుంది. రివర్సు చేసేటప్పుడు ఒకరు దిగి నీళ్లవైపు నిలబడకుండా, ఎదురుగా నిలబడి దారి చెప్పాలి. ఆపినప్పుడు ముందు టైర్లు నీళ్లకు ఎడంగా తిప్పి, హ్యాండ్‌బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, టైరు కింద రాయి పెట్టండి.

కారు నీళ్లలో పడితే తలుపు మీద ప్రాణం పెట్టుకోవద్దు, నీళ్ల ఒత్తిడికి అది రాదు. మొదటి నిమిషంలోనే పక్క అద్దం దించి, బెల్టులు తీసి, పిల్లలను ముందు బయటికి పంపాలి. అద్దం దిగకపోతే సీటు తలగడ ఊడదీసి దాని ఇనుప కొనతో పక్క అద్దాన్ని మూలలో కొట్టాలి. ముందు అద్దం పగలదు.

ప్రశ్న: మాకు ఒక్క రోజే టైముంది. దగ్గర ఏమన్న చెప్పండి. – నిర్మల్

మీకు ఇంటి పక్కనే ఉంది. ఖానాపూర్ మండలంలో గోదావరి మీద సదర్మాట్ ఆనకట్ట, 1891–92 నాటిది. కామారెడ్డి పెద్దచెరువుతో పాటు దీనికీ 2018లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. షట్టర్లు లేని రాతి ఆనకట్ట నదిని కాస్త ఎత్తుకు లేపి పక్క కాల్వల్లోకి ఎట్లా మళ్లిస్తుందో ఇక్కడ చూసినంత తేటగా ఇంకెక్కడా కనిపించదు. దారి అడిగేటప్పుడు పాత ఆనకట్ట అని చెప్పండి, సదర్మాట్ పేరుతో పొన్కల్ దగ్గర కొత్త బ్యారేజీ కూడా ఉంది. పొద్దున అది చూసి, మధ్యాహ్నం పోచంపాడు పోండి. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ అది. 284 కిలోమీటర్ల కాకతీయ కాల్వ అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: కాల్వల ఎన్ని నీళ్లు పోతున్నయో పిల్లలతోని కొలిపియ్యవచ్చా? – భూపాలపల్లి

కొలిపించండి, మంచి పని. పిట్టగోడలున్న చిన్న వంతెన, తిన్నటి కాల్వ ఎంచుకోండి. గట్టున 20 మీటర్లు టేపుతో కొలిచి రెండు గుర్తులు పెట్టండి. వంతెన నడిమి నుంచి నారింజ తొక్క వేసి, గుర్తు నుంచి గుర్తుకు ఎన్ని సెకన్లో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. పైనున్న నీళ్లు అడుగు నీళ్లకన్నా వేగంగా పోతాయి కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి.

ఉదాహరణకు 25 సెకన్లు వచ్చింది. 20ని 25తో భాగిస్తే 0.8, దాన్ని 0.85తో గుణిస్తే సెకనుకు 0.68 మీటర్లు. కాల్వ వెడల్పు 6 మీటర్లు, లోతు ఒక మీటరు అయితే 6 చదరపు మీటర్లు. రెండూ గుణిస్తే దాదాపు 4.1 ఘనపు మీటర్లు, సుమారు 144 క్యూసెక్కులు. లోతు కోసం నీళ్లలో దిగొద్దు, వంతెన స్తంభం మీది గేజి చదవండి. గాలి ఎదురుగా కొడుతుంటే లెక్క తప్పుతుంది. ఎండుటాకులు గాలికి కొట్టుకుపోతాయి, అందుకే సగం మునిగే తొక్కే సరైనది.

ప్రశ్న: లాకుల్ల ఇప్పుడు పడవ ఎక్కి పోవచ్చా? డ్రోను ఎగరేయొచ్చా? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కడ ఎక్కువ మెట్లుంటయి? – ముగ్గురు పాఠకులు

పడవ కోసం లాకుల మీద ఆశ పెట్టుకోవద్దు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వచ్చాక సరుకు పట్టాలెక్కింది, తర్వాత లారీలెక్కింది. కాల్వల మీద తక్కువ ఎత్తు వంతెనలు, గుర్రపుడెక్క, పూడిక మిగిలిన పని చేశాయి. పడవ సరదా లక్నవరంలోనో రామప్ప చెరువులోనో తీర్చుకోండి.

బ్యారేజీలు, ఆనకట్టల దగ్గర అనుమతి లేకుండా డ్రోను ఎగరేయొద్దు. ఫోనుతో కట్టడం ఫొటో తీయడానికి కూడా కాపలావారిని ఒక మాట అడగండి.

అమ్మగారికి రామప్ప చెరువు కట్ట, లక్నవరం వంతెన దగ్గర ఎక్కడం దిగడం ఉంటుంది. బొగతకు నడక ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ రోడ్డు మీద కారులోంచే చాలావరకు కనిపిస్తుంది, మ్యూజియంలో చదునుగా నడవొచ్చు. ఒక మడత కుర్చీ వెంట పెట్టుకుంటే లాకు గోడ పక్కన నీడలో కూర్చుని చూడగలరు.